ఎండే కొద్దీ కాంక్రీటు ఎందుకు పగులుతుంది? రింగు పరీక్షపై తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, సిరోంచ, ధర్మాబాద్, దెగ్లూర్ లాంటి మహారాష్ట్ర ప్రాంతాల్లో పనిచేసే తెలుగు కాంట్రాక్టర్లు, మేస్త్రీలు, సివిల్ డిప్లొమా విద్యార్థులు అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు. టెండరు కాగితాలు మరాఠీలో, ప్రమాణాలు ఇంగ్లీషులో ఉంటాయి. పని మాత్రం చాలా చోట్ల తెలుగులో నడుస్తుంది. అందుకే ఈ పేజీ.

క్యూబులన్నీ పాసయ్యాయి. అయినా స్లాబు ఎందుకు పగిలింది?

అందరూ ముందుగా అడిగేది ఇదే. క్యూబు పరీక్ష కాంక్రీటుతో పోసిన చిన్న ఘనాన్ని నొక్కి చూస్తుంది. ఎండటం వల్ల వచ్చే పగులు లాగుడు వల్ల పుడుతుంది. పైగా క్యూబు అచ్చు తీశాక 28వ రోజు దాకా నీటి తొట్టిలో ఉంటుంది. అది ఎండదు, దాన్ని ఏదీ పట్టి ఆపదు. స్లాబు సంగతి వేరు. ఎండుతూ కుంచించుకుపోదామని చూస్తుంది. బీములు, కాలమ్‌లు, పాత కాంక్రీటు, కింది నేల దాన్ని కదలనివ్వవు. చెరువు అడుగున బురద ఎండినప్పుడు నెర్రెలు విచ్చేదీ ఇలాగే. పైపొర కుంచించుకుంటుంది, కింద తడిగా ఉన్న మట్టి దాన్ని వదలదు.

చిన్న లెక్క చూడండి. మన ఐఎస్ 456:2000 ప్రమాణం, పరీక్ష వివరాలు లేనప్పుడు మొత్తం సంకోచాన్ని 0.0003గా తీసుకోమంటుంది. అంటే పది మీటర్ల స్లాబుకు 3 మిల్లీమీటర్లు. ఎం25 కాంక్రీటు (28 రోజులకు 25 మెగాపాస్కల్ నొక్కుడు తట్టుకునేది) స్థితిస్థాపక గుణకం, అంటే బిరుసుతనపు కొలత, అదే ప్రమాణం ప్రకారం 5000ను 25 వర్గమూలంతో గుణిస్తే వచ్చే 25,000 మెగాపాస్కల్. ఈ రెండింటినీ గుణిస్తే 7.5 మెగాపాస్కల్ లాగుడు వస్తుంది. వంగినప్పుడు ఆ కాంక్రీటు తట్టుకునే లాగుడు 0.7ను అదే వర్గమూలంతో గుణిస్తే 3.5 మెగాపాస్కల్. నేరుగా లాగితే ఇంకా తక్కువ. అంటే లెక్క ప్రకారం ప్రతి స్లాబూ పగలాలి.

అన్నీ పగలవు. ఎందుకంటే నిరంతర ఒత్తిడి కింద కాంక్రీటు నెమ్మదిగా సాగుతుంది. దీన్నే క్రీప్ అంటారు. లోపల పేరుకున్న లాగుడులో కొంత భాగం దీనివల్ల సడలిపోతుంది. చుట్టూ ఉన్న నిర్మాణం కూడా వంద శాతం బిగించి పట్టుకోదు, తానూ కాస్త కదులుతుంది. సంకోచం ఎంత, కాంక్రీటు ఎంత బిరుసు, క్రీప్ ఎంత, లాగుడు బలం ఎంత అన్న నాలుగూ పోత పోసిన గంట నుంచి మారుతూనే ఉంటాయి. ఒక్కో దాన్ని విడిగా కొలిచి, కాగితం మీద కలిపి, ఏ రోజు పగులుతుందో చెప్పడం కష్టం. ఈ నాలుగింటినీ ఒకే ముక్కలో కలిపి చూపేదే రింగు పరీక్ష.

అయితే ఇంకో బస్తా సిమెంటు ఎక్కువ వేస్తే సరిపోతుందా?

సరిపోదు. చాలాసార్లు పగుళ్లు పెరుగుతాయి. పగులు కనిపించగానే సిమెంటు పెంచడం మన సైట్లలో పాతుకుపోయిన అలవాటు. దాన్ని మాన్పించడానికే ఈ పరీక్ష గురించి ఇంత రాయడం. కుంచించుకుపోయేది సిమెంటు ముద్ద. కంకర ఆ కదలికను అడ్డుకుంటుంది. సిమెంటు పెరిగితే ముద్ద పెరుగుతుంది, దానితో పాటు నీరూ పెరుగుతుంది. బలం త్వరగా వచ్చే కొద్దీ బిరుసుతనమూ త్వరగా వస్తుంది, క్రీప్ తగ్గుతుంది, లాగుడు సడలదు. ఎక్కువ బలమున్న మిశ్రమం రింగులో ముందే పగలడం పరిశోధకులకు బాగా తెలిసిన విషయం. నీరు, సిమెంటు నిష్పత్తి 0.42 కంటే తగ్గితే ఇంకో చిక్కు వస్తుంది. బయటికి ఒక్క చుక్క పోకపోయినా, సిమెంటు తనలోని నీటినే వాడుకుని లోపలి నుంచి ఎండిపోతుంది. సిలికా ఫ్యూమ్ (చాలా సన్నని సిలికా పొడి) కలిపితే ఈ లోపలి సంకోచం మరింత పెరుగుతుంది.

రింగు పరీక్ష అంటే సరిగ్గా ఏమిటి?

ఒక ఉక్కు వలయం చుట్టూ కాంక్రీటును వలయంలా పోసి ఎండనివ్వడం. కాంక్రీటు కుంచించుకుంటూ లోపలి ఉక్కును బిగిస్తుంది. ఉక్కు దాన్ని అడ్డుకుంటుంది. ఆ పెనుగులాటలో కాంక్రీటులో లాగుడు, ఉక్కులో నొక్కుడు పుడతాయి. ఉక్కు లోపలి ముఖం మీద అంటించిన స్ట్రెయిన్ గేజిలు ఆ నొక్కుడును కొలుస్తాయి. కాంక్రీటు పగిలిన క్షణంలో పట్టు వదిలిపోతుంది, ఉక్కు ఒక్కసారిగా ఊపిరి తీసుకుంటుంది, రీడింగు దబ్బున పడిపోతుంది. ఎండబెట్టడం మొదలైనప్పటి నుంచి అప్పటి దాకా ఎన్ని రోజులు గడిచాయన్నదే ప్రధాన ఫలితం.

గుండ్రంగానే ఎందుకు? పొడవాటి దిమ్మె చాలదా?

పొడవాటి దిమ్మెను రెండు చివర్లా పట్టి ఆపాలంటే ఆ పట్టు దగ్గరే చిక్కు. అక్కడ ఒత్తిడి గుమిగూడి, సంకోచంతో సంబంధం లేకుండా అక్కడే విరగవచ్చు. కాస్త పక్కకు లాగినా దిమ్మె వంగుతుంది. అలాంటి యంత్రాలు లేకపోలేదు, కానీ ఖరీదు ఎక్కువ, జాగ్రత్తా ఎక్కువే. వలయానికి చివరే లేదు, కాబట్టి పట్టుకోవలసిన పని లేదు.

కొలతలు ఏమిటి? మా ఊరి వర్క్‌షాపులో చేయించుకోవచ్చా?

రింగు పరీక్ష చేసేవారు ఎక్కువగా అనుసరించేది అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ1581. అందులో ఉక్కు వలయం గోడ మందం 13 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 330, ఎత్తు 150. బయటి అచ్చు లోపలి వ్యాసం 405. కాబట్టి మధ్యలో కాంక్రీటు మందం సుమారు 38 మిల్లీమీటర్లే. ఉక్కు లోపలి ముఖం మీద నడిమి ఎత్తులో, ఎదురెదురుగా కనీసం రెండు గేజిలు ఉండాలి.

ఉక్కు వలయాన్ని మందపాటి పైపు నుంచి కోయించి లేత్ మీద తిప్పించుకోవచ్చు. చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో గనులకు, మిల్లులకు పనిచేసే లేత్ షాపులకు ఇది పెద్ద పనేమీ కాదు. గోడ మందం మాత్రం చుట్టూ ఒకేలా ఉండాలి. అక్కడ ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా అడ్డుకునే బలం మారుతుంది, ఇతరుల ఫలితాలతో పోల్చడానికి పనికిరాదు. డబ్బు ఖర్చయ్యేది ఉక్కుకు కాదు, గేజిలకూ రీడింగులు నమోదు చేసే లాగర్‌కూ. గేజి అంటించడం కూడా చేయి తిరిగినవారి పనే. తేమ తగిలితే రీడింగు మెల్లగా జరిగిపోతుంది, అది పగులా గేజి తప్పా అని తల పట్టుకోవలసి వస్తుంది.

మేం వాడేది 20 మిల్లీమీటర్ల కంకర. 38 మిల్లీమీటర్ల సందులో పట్టదు కదా?

పట్టదు. ఆ పరీక్షకు కంకర 13 మిల్లీమీటర్లకు మించకూడదు. మీ మిశ్రమాన్ని మార్చకుండా చూడాలంటే అమెరికా రహదారి అధికారుల సంఘం ఆష్టో వారి టీ 334 ప్రమాణపు రింగు ఉంది. అందులో ఉక్కు బయటి వ్యాసం 305, కాంక్రీటు మందం సుమారు 75 మిల్లీమీటర్లు. మందం ఎక్కువ కాబట్టి నెమ్మదిగా ఎండుతుంది, పగలడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఒక రింగులో వచ్చిన రోజులను ఇంకో రింగు రోజులతో పోల్చకూడదు. 20 మిల్లీమీటర్ల కంకరను జల్లించి తీసేసి చిన్న రింగులో పోస్తే మీరు పరీక్షించేది మీ కాంక్రీటు కాదు, ముద్ద ఎక్కువైన వేరే కాంక్రీటు.

పరీక్ష ఎలా నడుస్తుంది?

ఒకే కలుపులో నుంచి కనీసం మూడు రింగులు పోయాలి. కాంక్రీటు తగిలే ఉక్కు ముఖానికి అంటుకోకుండా నూనె లాంటిది పూస్తారు. నీరు పీల్చని పీట మీద ఉంచి, పొరలుగా వేసి, కుదించి, పైన చదును చేస్తారు. వెంటనే లాగర్ ఆన్ చేస్తారు. తడి గోనె, దాని మీద పాలిథీన్ కప్పి 24 గంటలు ఉంచుతారు. తర్వాత బయటి అచ్చు తీసి, పై ముఖాన్ని మైనంతోనో అల్యూమినియం టేపుతోనో మూసేస్తారు. అంటే ఎండేది చుట్టు ముఖం నుంచి మాత్రమే. గది 23 డిగ్రీల సెల్సియస్, గాలిలో తేమ 50 శాతం దగ్గర స్థిరంగా ఉండాలి. ప్రతి అరగంటకైనా ఒక రీడింగు రావాలి. పగలకపోతే కనీసం 28 రోజులు చూస్తారు.

కరెంటు కోత మన దగ్గర కొత్త కాదు. లాగర్‌కు బ్యాటరీ లేకుండా ఈ పరీక్షకు దిగవద్దు. పగులు రాత్రి రెండు గంటలకు కూడా రావచ్చు, ఆ సమయంలో రీడింగు లేకపోతే వారాల ఓపిక వృథా. ఏసీ ఆగి గది వేడెక్కినా గేజి రీడింగు ఊగుతుంది, కాబట్టి గది ఉష్ణోగ్రతను కూడా పక్కనే నమోదు చేయాలి.

పగిలిందని ఎలా నిర్ధారిస్తారు?

కనీసం ఒక గేజిలోనైనా నొక్కుడు 30 మైక్రోస్ట్రెయిన్లకు మించి ఒక్కసారిగా పడితే పగిలినట్టు. మైక్రోస్ట్రెయిన్ అంటే పది లక్షల్లో ఒక వంతు. తర్వాత కంటితో చూస్తే చుట్టు ముఖం మీద పై నుంచి కిందికి గీత కనబడుతుంది. ఫైబరు కలిపిన కాంక్రీటులో మాత్రం ఈ పతనం అంత స్పష్టంగా ఉండదు. పోగులు పగులును పట్టి ఉంచుతాయి, రీడింగు మెట్లు మెట్లుగా దిగుతుంది. అక్కడ భూతద్దంతో రోజూ చూడక తప్పదు.

ఉక్కు కొలిస్తే కాంక్రీటు ఒత్తిడి ఎలా తెలుస్తుంది?

రెండూ ఒకదానినొకటి పట్టి ఉన్నాయి కాబట్టి ఉక్కులోని బలమూ కాంక్రీటులోని బలమూ సమానం. ఉక్కు 40 మైక్రోస్ట్రెయిన్లు నొక్కుకుందనుకుందాం. ఉక్కు గుణకం 2,00,000 మెగాపాస్కల్ కాబట్టి అందులో ఒత్తిడి 8 మెగాపాస్కల్. దాన్ని ఉక్కు మందం 13తో గుణించి, కాంక్రీటు మందం 38తో భాగించండి. సుమారు 2.7 మెగాపాస్కల్ వస్తుంది. వలయం వంపును కూడా లెక్కలోకి తీసుకుని ప్రమాణం ఇచ్చిన గుణకం 72.2 గిగాపాస్కల్, అంటే 72,200 మెగాపాస్కల్. దానితో ఆ 40 మైక్రోస్ట్రెయిన్లను గుణిస్తే 2.9 మెగాపాస్కల్ వస్తుంది. మొదటిది చేతి లెక్క, రెండోది నివేదికలో రాయవలసినది.

డిప్లొమా విద్యార్థులకు ఒక సూచన. గ్రాఫులో అడ్డంగా రోజులు వేయకండి, రోజుల వర్గమూలం వేయండి. చుక్కలు దాదాపు సరళరేఖ మీదికి వస్తాయి. ఆ రేఖ వాలు నుంచే ఒత్తిడి పెరిగే వేగం లెక్కిస్తారు.

ఫలితాన్ని ఎలా చదవాలి?

ఎండబెట్టడం మొదలైన ఏడు రోజుల్లోపు పగిలినా, రోజుకు 0.34 మెగాపాస్కల్ లేదా అంతకు మించి ఒత్తిడి పెరుగుతున్నా పగిలే గుణం ఎక్కువ. 7 నుంచి 14 రోజుల మధ్య అయితే మధ్యస్థం కంటే ఎక్కువ. 14 నుంచి 28 మధ్య అయితే మధ్యస్థం కంటే తక్కువ. 28 రోజులు దాటినా పగలకపోతే, వేగం రోజుకు 0.10 మెగాపాస్కల్ లోపు ఉంటే, పగిలే గుణం తక్కువ.

దీన్ని జాతకంలా చదవకండి. రింగు 12 రోజులకు పగిలిందంటే మీ స్లాబు 12వ రోజున పగులుతుందని అర్థం కాదు. స్లాబు మందం వేరు, దాన్ని పట్టి ఆపేవి వేరు, వాతావరణం వేరు. ఈ పరీక్ష పోల్చడానికి పనికొస్తుంది. ఒకే ఇసుక, ఒకే కంకరతో రెండు రకాల సిమెంటు, లేదా రెండు మోతాదుల నీరు వాడితే ఏది ముందు లొంగుతుందో చెబుతుంది. కాబట్టి ఒక్క మిశ్రమం పంపి నివేదిక తెప్పించుకుంటే సగం డబ్బు వృథా. ఎప్పుడూ వాడే మిశ్రమాన్ని కూడా పక్కన పోయించండి.

మే నెలలో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటుతుంది. 23 డిగ్రీల ఏసీ గదిలో చేసిన పరీక్ష మాకెందుకు?

న్యాయమైన ప్రశ్న. అన్ని చోట్లా ఒకే వాతావరణంలో చేస్తేనే నాగ్‌పూర్ ఫలితాన్ని హైదరాబాద్ ఫలితంతో పోల్చగలం. మన ఎండాకాలపు పొడిగాలి ఆ గది కంటే చాలా కఠినం. వానాకాలంలో సిరోంచ అడవి గాలిలో అదే రింగు నెలల తరబడి పగలకుండా కూర్చోవచ్చు. పెద్ద పని అయితే ప్రామాణిక గదిలో ఒక జత, వేడి, పొడి గదిలో ఇంకో జత పోయించడం మంచిది. రెండో దాన్ని ప్రామాణిక ఫలితంగా చూపకూడదు, మీ అవగాహనకు మాత్రమే ఉంచుకోవాలి.

పోసిన రోజే, రెండు మూడు గంటల్లో గీతలు పడ్డాయి. ఇదీ ఇదేనా?

కాదు. అది పచ్చి కాంక్రీటు పగులు. పైకి తేలే నీటి కంటే గాలి పీల్చే నీరు ఎక్కువైతే ఇంకా గట్టిపడని పైపొర చిట్లుతుంది. గంటకు చదరపు మీటరుకు ఒక కిలో నీరు ఆవిరయ్యే పరిస్థితి ఉంటే ప్రమాదం ఉన్నట్టే. మే నెల మధ్యాహ్నం వేడిగాలిలో ఆ హద్దు దాటడం తేలిక. దీనికి వేరే పరీక్ష ఉంది, ఏఎస్‌టీఎం సీ1579. అడుగున గట్టు ఉన్న పలకలో కాంక్రీటు పోసి, ఫ్యాన్ గాలి పెట్టి, పగులు వెడల్పు కొలుస్తారు.

సైటులో చేయవలసింది మాత్రం పరీక్ష కాదు. పోతను సాయంత్రానికి మార్చండి. కంకరను ముందే తడిపి నీడలో ఉంచండి. చదును చేయగానే పాలిథీన్ కప్పండి. పైన తేలిన నీటి మీద సిమెంటు పొడి చల్లి తాపీతో రుద్దడం ఆపించండి. ఆ పలుచని పొరే మొదట చిట్లేది.

పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంటు వాడితే పగుళ్లు ఎక్కువంటారు. నిజమా?

సిమెంటు తప్పు కంటే తడుపు తప్పే ఎక్కువ. చంద్రపూర్ థర్మల్ కేంద్రం పక్కనే ఉన్న మనకు ఫ్లై యాష్, అంటే బొగ్గు కాలగా వచ్చే సన్నని బూడిద, కొత్త కాదు. అది కలిసిన సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది. వేడి తక్కువ పుడుతుంది, తొలి రోజుల్లో బిరుసుతనం తక్కువ, క్రీప్ ఎక్కువ. ఇవన్నీ పగులును వెనక్కి నెట్టే గుణాలే. కానీ లాగుడు బలం కూడా ఆలస్యంగానే వస్తుంది. మూడో రోజే నీళ్లు ఆపేస్తే ఆ మేలంతా పోతుంది. ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 10 రోజులు తడపమంటుంది. ఫ్లై యాష్ లాంటివి కలిసినప్పుడు 14 రోజులకు పెంచమని సూచిస్తుంది. మన దగ్గర వేసవిలో ఆ 14 రోజులకు బేరం లేదు.

ఎక్కువ రోజులు తడిపితే ఇక పగలదా?

తడిపినంత కాలం ఎండదు. ఆపాక ఎండటం మొదలవుతుంది. సంకోచం మొత్తంగా పోదు, వాయిదా పడుతుంది. ఆ లోపు లాగుడు బలం వస్తుంది, అదే లాభం. నీళ్లు ఆపిన రోజే గోనెలు లాగేసి ఎండకు వదలకండి. తడపడం మానేసినా కప్పినవి రెండు మూడు రోజులు అలాగే ఉంచండి.

లోపల ఉక్కు కడ్డీలు ఉన్నాయి కదా, అవి పగులును ఆపవా?

ఆపవు. చెప్పాలంటే కడ్డీ కూడా కాంక్రీటును కదలనివ్వని వాటిలో ఒకటి. దాని పని పగులును సన్నగా ఉంచి, ఒక పెద్ద చీలికకు బదులు వెంట్రుక లాంటివి పలుచోట్ల వచ్చేలా చూడటం. సన్నని కడ్డీలు దగ్గరగా వేస్తే, లావు కడ్డీలు దూరంగా వేసినదానికంటే ఈ పని బాగా జరుగుతుంది.

కంకర, ఇసుక సంగతేమిటి?

నాందేడ్ వైపు దొరికేది ఎక్కువగా నల్లరాయి, అంటే బసాల్ట్. గట్టి రాయి సిమెంటు ముద్ద కదలికను బాగా అడ్డుకుంటుంది, మంచిదే. కంకర పరిమాణం పెరిగితే నీరు తగ్గుతుంది. ఐఎస్ 10262 ప్రకారం 50 మిల్లీమీటర్ల స్లంపుకు (పచ్చి కాంక్రీటు ఎంత జారుతుందో చూపే కొలత) 10 మిల్లీమీటర్ల కంకర అయితే ఘనపు మీటరుకు 208 లీటర్లు, 20 అయితే 186, 40 అయితే 165. నీరు తగ్గించడం కంటే చవకైన మందు పగుళ్లకు లేదు.

ఇసుకలో మట్టి అసలు శత్రువు. ఐఎస్ 383 సహజ ఇసుకలో 75 మైక్రాన్ల కంటే సన్నని పొడిని 3 శాతానికి పరిమితం చేస్తుంది. ప్రాణహిత ఇసుక అని పేరు చెప్పగానే నమ్మేయకండి. ఏ రేవులో, ఏ వరద తర్వాత తీశారన్నదాన్ని బట్టి మట్టి మారుతుంది. గాజు సీసాలో నీళ్లు పోసి కదిపి, తేరుకోనిచ్చి చూస్తే సగం విషయం తెలుస్తుంది.

సంకోచాన్ని తగ్గించే మందులు, ఫైబర్లు పనిచేస్తాయా?

గ్లైకాల్ జాతి మందులు సూక్ష్మరంధ్రాల్లోని నీటి తలతన్యతను తగ్గిస్తాయి, దానితో లాగుడు తగ్గుతుంది. రింగులో వీటి ప్రభావం స్పష్టంగానే కనబడుతుంది. గట్టిపడటం కాస్త ఆలస్యం కావచ్చు, బలం కొంచెం తగ్గవచ్చు, ధర తక్కువ కాదు. సన్నని పాలీప్రొపిలీన్ పోగులు పోసిన రోజు పగుళ్లకు పనికొస్తాయి. నెల తర్వాత వచ్చే పగులును అవి ఆపుతాయని చెప్పి అమ్మేవారిని రింగు గ్రాఫు చూపమనండి.

భారత ప్రమాణంలో ఇలాంటిదేమీ లేదా?

ఎండినప్పటి సంకోచాన్ని కొలిచే పద్ధతి ఐఎస్ 516 ఆరో భాగంలో ఉంది. అది స్వేచ్ఛగా ఉన్న దిమ్మె ఎంత కుంచించుకుందో చెబుతుంది. పట్టి ఆపితే పగులుతుందా లేదా అన్నది చెప్పదు. రింగు పరీక్షతో పాటు దాన్నీ చేయించండి, ఖర్చు తక్కువ. ఒక మిశ్రమం ఎక్కువ కుంచించుకుని కూడా ఆలస్యంగా పగిలితే, అందులో క్రీప్ మేలు చేసిందని తెలుస్తుంది.

పరీక్షకు డబ్బు లేదు. ఊళ్లో సిమెంటు రోడ్డు వేస్తున్నాం. ఏం చేయాలి?

పగులు ఎక్కడ రావాలో మీరే నిర్ణయించండి. 150 మిల్లీమీటర్ల మందమున్న రోడ్డుకు సుమారు 4 మీటర్లకొకటి చొప్పున, మందంలో మూడో వంతు లోతు దాకా, అంటే 50 మిల్లీమీటర్లు కోయించండి. కోత ఆలస్యం కాకూడదు. అంచు రాలకుండా బ్లేడు ఆగేంత గట్టిపడగానే మొదలుపెట్టాలి. ఎండాకాలంలో అది అదే రాత్రి కావచ్చు. మరునాడు ఉదయం మిషను వస్తుందిలే అనుకుంటే, రోడ్డు తనకు నచ్చిన చోట ముందే పగిలి ఉంటుంది.

ఇంటి గోడలో మెట్లు మెట్లుగా పగులు వచ్చింది, వానాకాలంలో మూసుకుంటుంది. రింగు పరీక్ష చేయించాలా?

వద్దు. అది నల్లరేగడి నేల పని. పునాది చూపించుకోండి.

వచ్చిన పగులు ప్రమాదమా కాదా?

సాధారణ పరిస్థితుల్లో 0.3 మిల్లీమీటర్ల వెడల్పు దాకా ఐఎస్ 456 ఒప్పుకుంటుంది. తేమ తగిలే చోట 0.2, తీవ్రమైన వాతావరణంలో 0.1. పగులు కొలిచే ప్లాస్టిక్ స్కేలు దొరుకుతుంది, జేబులో ఉంచుకోండి. తేదీ వేసి పగులు చివర పెన్సిల్‌తో గీత పెట్టండి. గీత దాటి సాగుతుంటే ఇంజినీరును పిలవండి. నీటి ట్యాంకు అయితే వెడల్పు ఎంతన్నది పక్కన పెట్టి, కారుతోందా లేదా చూడండి.

ల్యాబు నివేదికలో ఏమేం ఉండాలని అడగాలి?

మిశ్రమం బరువుల్లో, ఏ ప్రమాణపు రింగు, మూడు రింగుల రోజులు విడివిడిగా, గ్రాఫు, గది ఉష్ణోగ్రత, తేమల నమోదు, పగిలిన చోటి ఫోటో. సగటు రోజులు మాత్రమే ఇచ్చి మూడింటిలో ఒకటి ఎందుకు తొందరగా పగిలిందో చెప్పకపోతే అడగండి. ఎన్ని గంటలు తడిపి ఉంచాక ఎండబెట్టారో రాయని నివేదికను తీసుకోకండి. 24 గంటలకు, 7 రోజులకు తేడా వస్తుంది, అది తెలియకుండా ఆ అంకెను దేనితోనూ పోల్చలేరు.